నల్ల ఫిల్మ్ తీసేస్తే నీడ కూడా పోతుందా?

పల్నాడు నుంచి ఒక ఉపాధ్యాయిని నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 41. రోజూ తనే కారు నడుపుకుంటూ బడికి వెళ్ళి వస్తారు. ఒక్కో వైపు అరగంట పైన ప్రయాణం. రెండేళ్ళ కిందట ఆవిడకు లూపస్ అని తేలింది, ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే ఒంటి మీద దాడి చేసే జబ్బు అది. మందులు క్రమం తప్పకుండా వాడుతున్నారు. ఎండ తగిలితే జబ్బు తిరగబెడుతుందని డాక్టరు గట్టిగా చెప్పారు. అన్నట్టే పోయిన ఏడాది ఏప్రిల్‌లో బుగ్గల మీద ఎర్రగా దద్దురు లేచి, కీళ్ళు పట్టేసి, జ్వరంతో పది రోజులు మంచం దిగలేదు. అది చూసి తట్టుకోలేక ఆవిడ భర్త తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి, ఆ తమ్ముడి స్నేహితుడి షాపులో కారు అద్దాలన్నిటికీ, వెనక అద్దంతో సహా, అక్కడున్న వాటిలోకెల్లా నల్లటి ఫిల్మ్ వేయించుకొచ్చారు. డబ్బులు మరిదే ఇచ్చాడట, "వదినకు నేనిచ్చే కానుక" అని.

ఆ తర్వాత రెండు చలానాలు పడ్డాయి. రెండోసారి ఊరి సెంటర్లో కారు పక్కకు తీయించి, బడి పిల్లల తల్లిదండ్రులు చూస్తుండగా "లోపల ఏముందమ్మా, ఇంత దాచిపెట్టారు?" అని అడిగారట. కట్టిన డబ్బు మరిచిపోయారు గానీ ఆ మాట మాత్రం మరవలేకపోతున్నారు. అంతకన్నా పెద్ద భయం ఫిబ్రవరిలో. పెళ్ళి నుంచి రాత్రి తొమ్మిదింటికి వస్తూ కుడివైపు మలుపు తిప్పుతుంటే, వెనక లైటు కూడా లేని మిరపకాయ టిక్కీల ట్రాక్టరు పక్క అద్దంలోంచి కనిపించలేదు. పక్క సీట్లో ఉన్న కూతురు "అమ్మా!" అని అరవబట్టి బ్రేకు పడింది. ఇంటికొచ్చి "ఫిల్మ్ తీయించేద్దాం" అంటే, భర్త ముఖం మాడ్చుకుని "నీ కోసమే కదా వేయించింది. చలానా నేను కడతాలే, మళ్ళీ మంచాన పడతావా?" అన్నారు. మరిది కూడా అప్పటి నుంచి ముభావంగా ఉంటున్నాడు. డాక్టరు సర్టిఫికెట్ కారులో పెట్టుకుంటే పోలీసులు వదిలేస్తారని ఒకరు, సిరామిక్ ఫిల్మ్ వేయిస్తే ఏ గొడవా ఉండదని ఇంకొకరు చెప్పారు. "తీసేస్తే నా ఒళ్ళు ఏమవుతుందో భయం, ఉంచితే ఏ రాత్రి ఏమవుతుందో భయం. మావారి మనసు నొప్పించకుండా ఏం చేయాలి?" అన్నది ఆవిడ ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు కాస్త ఊపిరి పీల్చుకోవడానికి ఒక మాట ముందే చెప్పేస్తాను. మీ ఒంటికి హాని చేసే కిరణాలను ఆపడానికి అద్దం నల్లగా ఉండనక్కర్లేదు. మంచినీళ్ళలా తేటగా ఉండే ఫిల్మ్ కూడా ఆ పని చేస్తుంది. మీవారు మీకు నీడ కొనిపెడదామని వెళ్ళారు, షాపువాళ్ళు నలుపు అమ్మారు. రెండూ ఒకటేనని మనలో చాలామంది అనుకుంటాం. ఆయన్ని తప్పు పట్టేందుకేమీ లేదు.

కారు అద్దానికి ఫిల్మ్ కావాలని వెళ్ళేవాళ్ళకు కావలసినవి మూడు వేరు వేరు సంగతులు. ఒకరికి లోపల చల్లగా ఉండాలి. ఒకరికి లోపలున్నది బయటికి కనపడకూడదు. ఇంకొకరికి, అంటే మీకు, అతినీలలోహిత కిరణాలు, అందరూ యూవీ అంటారే అవి, ఒంటి మీద పడకూడదు. షాపులో మూడింటికీ ఒకటే పేరు, సన్ ఫిల్మ్. నలుపు పెరిగితే మంచిదన్న లెక్క ఆ రెండోవాళ్ళకే సరిపోతుంది.

సూర్యుడి నుంచి మన దాకా వచ్చే శక్తిలో దాదాపు సగం కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. నలభై శాతం పైచిలుకు కంటికి కనిపించే వెలుతురు. మిగిలిన కొద్ది శాతమే యూవీ. లూపస్ ఉన్నవాళ్ళు ముందుగా భయపడవలసింది ఆ కొద్దిదానికే. అది వేడిగా తగలదు, కళ్ళు జిగేల్‌మనిపించదు, మబ్బు పట్టిన రోజున కూడా ఉంటుంది. అందుకే అద్దం నల్లగా ఉంది, కళ్ళకు హాయిగా ఉంది అని ధీమాగా ఉండటానికి లేదు. మీ అద్దాల మీదున్న ఫిల్మ్ వెలుతురును గట్టిగా ఆపుతోందని నాకు తెలుసు, ట్రాక్టరే కనపడలేదు కదా. కానీ యూవీ ఎంత ఆపుతోందో మీకూ తెలియదు, మీవారికీ తెలియదు. నాలుగు పేజీల్లో ఎక్కడా పెట్టె ఊసు గానీ, వారంటీ కార్డు ఊసు గానీ లేదు. మంచి ఫిల్మ్ అయితే యూవీ 99 శాతం దాకా ఆపుతుందని కంపెనీ రాసిస్తుంది, తేట ఫిల్మ్‌కు కూడా. చవక రంగు ఫిల్మ్ అయితే మన ఎండకు కొన్నాళ్ళకే రంగు చచ్చిపోతుంది. అద్దాలు ఊదారంగుకు తిరిగిన పాత కార్లు మీరూ చూసే ఉంటారు.

కారులో ఏ అద్దం దగ్గర మీకు ముప్పు ఉందో కూడా తెలుసుకోవాలి. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. దెబ్బ తగిలితే ముక్కలు మీద పడకుండా పెట్టిన ఆ పొరే యూవీని కూడా చాలావరకు మింగేస్తుంది. పక్క అద్దాలు మామూలుగా ఒకే పలక. అమెరికాలో ఒక కంటి డాక్టరు 15 కంపెనీలకు చెందిన 29 కార్ల అద్దాలు కొలిచి 2016లో ఫలితాలు ప్రచురించారు. లోతుకు చొచ్చుకుపోయే యూవీ-ఏ కిరణాలను ముందు అద్దాలు సగటున 96 శాతం ఆపాయి. పక్క అద్దాల సగటు 71. అందులోనూ ఒక కారుకూ ఇంకో కారుకూ పొంతన లేదు, ఒకదానిలో 44 శాతమే ఆగితే మరోదానిలో 96 ఆగింది. అంటే మీ ముందు అద్దం ఇప్పటికే మీ పక్షాన ఉంది. వెనక అద్దంలోంచి వచ్చే ఎండ నడిపే మనిషి మీద పడేది తక్కువ. మీకు కాపలా కావలసింది ముఖ్యంగా మీ కుడి భుజం పక్కనున్న తలుపు అద్దానికి, ఆ తర్వాత ఎడమ తలుపు అద్దానికి.

మీ రెండు చేతులూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఏళ్ళ తరబడి కారు నడిపిన చాలామందికి కుడి ముంజేయి ఎడమదానికన్నా ఒక చాయ తక్కువగా ఉంటుంది. 28 ఏళ్ళు సరుకుల వ్యాను నడిపిన ఒక అమెరికా డ్రైవరు ఫొటో 2012లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. అక్కడ స్టీరింగు ఎడమవైపు. ఆయనకు 69 ఏళ్ళు. ముఖం కుడి సగం ఆ వయసుకు తగ్గట్టే ఉంది, ఎడమ సగం మాత్రం ముడతలు పడి, చర్మం మందమైపోయి, ఇరవై ఏళ్ళు పెద్ద మనిషిలా ఉంది. అద్దం మూసే ఉందిగా అనుకునేవాళ్ళు చూడవలసిన ఫొటో అది.

ఇక్కడ కారు సంగతి కాస్త పక్కన పెట్టి ఒకటి అడుగుతాను. ఉదయం ప్రార్థన అప్పుడు మీరు ఎక్కడ నిలబడతారు? మీరు మంచాన పడ్డది ఏప్రిల్‌లో. అంటే ఒంటిపూట బడుల రోజులు. మధ్యాహ్నం పన్నెండున్నరకు బడి వదిలితే, నడినెత్తి ఎండలో ఆవరణ దాటి, అప్పటికే నిప్పులా కాలిపోతున్న కారు దగ్గరికి నడిచి, తలుపులు తీసి వేడి పోయేదాకా పక్కనే నిలబడతారు. యూవీ రోజు మొత్తం మీద బలంగా ఉండే వేళ సరిగ్గా అదే. మూసిన అద్దం వెనక అరగంట కూర్చున్న దానికన్నా ఆ పది నిమిషాలే మీ ఒంటికి ఎక్కువ చేటు చేసి ఉండవచ్చు. హెడ్మాస్టరు గారికి మీ డాక్టరు రాసిన కాగితం చూపించి, ప్రార్థన అప్పుడు వరండాలో నిలబడతానని అడగండి. కారును మెట్ల దగ్గరికి వచ్చేలా పెట్టుకోనివ్వమనండి. ఎవరూ కాదనరు. పోలీసుల ముందు పని చేస్తుందో లేదో తెలియని ఆ డాక్టరు కాగితం బడిలో మాత్రం తప్పక పని చేస్తుంది.

పోలీసుల మాట వచ్చింది కాబట్టి చట్టం ఏమంటోందో చూద్దాం. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో వచ్చాయి. వాటిలో వందో నియమం అద్దాల గురించి. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం వెలుతురు లోపలికి రావాలి. పక్క అద్దాల్లోంచి కనీసం 50. దీన్నే వీఎల్‌టీ అంటారు. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ఎంత శాతమైనా సరే, కంపెనీ నుంచి వచ్చిన అద్దం మీద తర్వాత ఏ ఫిల్మూ అంటించకూడదని తీర్పు చెప్పింది. నల్ల అద్దాల వెనక నేరాలు జరుగుతున్నాయని ఒక పౌరుడు వేసిన వ్యాజ్యం అది. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్ళకు మాత్రం సడలింపు ఇచ్చారు. ఇక జబ్బు ఉన్నవాళ్ళకంటూ వందో నియమంలో వేరే మినహాయింపు లేదు. మీ సర్టిఫికెట్ చూసి ఒక ఎస్సై గారు మనసు కరిగి పంపించేయవచ్చు. అది ఆయన మంచితనం, మీ హక్కు కాదు. రేపు ఇంకో సెంటర్లో ఇంకొకరు ఉంటారు.

ఈ మధ్య చిన్న మార్పు వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి వందో నియమాన్ని సవరించి, మామూలు సేఫ్టీ గాజుతో పాటు సేఫ్టీ గ్లేజింగ్ అన్న మాట చేర్చారు. లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న గాజు కూడా అందులోకి వస్తుంది. దాని ఆధారంగా 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, 70, 50 శాతాల లెక్క తప్పకుండా, ప్రమాణాలకు తగ్గ ఫిల్మ్ వేసుకుంటే జరిమానా వేయడానికి లేదని చెప్పింది. మీకొకరు "సిరామిక్ వేయిస్తే ఏ గొడవా ఉండదు" అన్నది బహుశా ఈ తీర్పు సంగతి ఎక్కడో విని. ఆ మాటలో సగమే నిజం. సిరామిక్ అన్నది ఫిల్మ్ దేనితో తయారైందో చెప్పే పేరు. అందులోనూ కటిక నలుపు దొరుకుతుంది. చూడవలసింది వెలుతురు శాతం. పైగా అది కేరళ హైకోర్టు మాట. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆపిన కానిస్టేబుల్ దానికి కట్టుబడాలని లేదు, చాలామందికి 2012 తీర్పే గుర్తు. ఈ సంగతి తెలిసి దిగితే మంచిది.

శాతాల దగ్గర షాపుల్లో తరచూ ఒక పొరపాటు జరుగుతుంది, మీరు కాగితం మీద వేసి చూసుకోండి. కారు కంపెనీ ఇచ్చిన అద్దమే నూటికి నూరు తేట కాదు. చాలా కార్లలో పక్క అద్దాలకు లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. మీ అద్దం 75 శాతం వెలుతురు రానిస్తుంది అనుకోండి. దాని మీద 50 శాతం ఫిల్మ్ వేస్తే లోపలికి వచ్చేది 50 కాదు, 75లో సగం, అంటే 37 చిల్లర. అదే 70 శాతం ఫిల్మ్ అయితే 52 చిల్లర, లెక్క లోపలే ఉంటుంది. మీ కారు మీద ఇప్పుడున్నది 20 శాతం ఫిల్మ్ అనుకుంటే, మీ కంటికి చేరుతున్నది బయట ఉన్న వెలుతురులో 15 శాతం. పగలు అది పెద్ద ఇబ్బంది కాదు, ఎండకు కొదవ లేదు. రాత్రి ఊరు దాటాక బయట ఉన్న వెలుతురే గుప్పెడు. అందులో 15 శాతమంటే, రిఫ్లెక్టరు లేని ట్రాక్టరూ రోడ్డు దాటే గేదే కనపడకపోవడంలో మీ కళ్ళ తప్పేం లేదమ్మా. వెనక అద్దానికీ ముందు అద్దానికీ 70 శాతం గీత ఉంది కాబట్టి, ఛాయ ఉన్న ఏ ఫిల్మ్ వేసినా అవి దాదాపుగా గీత కిందికి పోతాయి. వాటి జోలికి పోకండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఉన్నది ఉన్నట్టు ఉంచుకోవచ్చు. ఇంట్లో మాట పట్టింపు ఉండదు, మరిది కానుక మరిదికి మిగులుతుంది. చలానాలు వస్తూనే ఉంటాయి. డబ్బు మీవారు కట్టినా, సెంటర్లో కారు దిగి నిలబడేది మీరే. చీకటి పడ్డాక మీరు నడపకూడదని ఒక నియమం పెట్టుకున్నా శీతాకాలంలో బడి నుంచి వచ్చేసరికే మసక పడుతుంది. ఈ దారి నాకు నచ్చలేదు. చలానాల సంగతి అలా ఉంచినా, ఆ రాత్రి మీ అమ్మాయి అరిచిన అరుపు ఒక్కటి చాలు నాకు.

మొత్తం తీసేసి ఏ ఫిల్మూ లేకుండా ఉండవచ్చు. చట్టంతో ఏ పేచీ లేని దారి ఇదొక్కటే. అప్పుడు కాపలా మీ ఒంటి మీదే ఉండాలి. నేత దగ్గరగా ఉన్న పొడుగు చేతుల జాకెట్టు, లేదా బండి నడిపే ఆడపిల్లలు వేసుకునే చేతి తొడుగులు, డాక్టరు చెప్పిన సన్‌స్క్రీన్ బయల్దేరడానికి ముందు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ ఒకసారి. ఏసీ వేసి అద్దాలు ఎప్పుడూ మూసే ఉంచాలి. మీ కారు పక్క అద్దాలు పుట్టుకతోనే యూవీని బాగా ఆపే రకమైతే ఈ దారి సరిపోతుంది. ఈమధ్య చాలా మోడళ్ళలో యూవీ కట్ గాజు వస్తోంది. అద్దం మూల చిన్న అక్షరాల ముద్ర చూడండి, కారు పుస్తకం చూడండి, అందులో లేకపోతే కంపెనీ సర్వీసు సెంటర్లో అడగండి. ఇబ్బందల్లా రోజూ శ్రద్ధగా చేయాల్సి రావడం. మే నెలలో ఆ తొడుగులు ఎంత చిరాకో నాకు తెలుసు, ఒక రోజు మానేయబుద్ధవుతుంది, ఆ ఒక రోజే కొంప ముంచవచ్చు.

మూడోది, నల్లదంతా తీయించి, ముందు రెండు తలుపుల అద్దాలకు మాత్రం తేట యూవీ ఫిల్మ్ గానీ, అద్దంతో కలిపి కొలిస్తే 50 శాతానికి పైన నిలిచే లేత సిరామిక్ గానీ వేయించడం. అమ్మాయి వెనక కూర్చుంటే వెనక తలుపులకు కూడా. అయిదారు అద్దాలకు పెట్టే డబ్బు రెండింటికే పెడతారు కాబట్టి మంచి రకమే కొనవచ్చు. రాత్రి చూపు దాదాపు మామూలుగా ఉంటుంది. బయటి నుంచి మీ ముఖం కనిపిస్తుంది, "ఏం దాచారు" అని అడిగే అవసరం ఎవరికీ రాదు. అయితే 2012 తీర్పును అక్షరాలా పట్టుకునే అధికారి ఎదురైతే చలానా రాయవచ్చు. ఆ అవకాశం తక్కువే గానీ లేకపోలేదు. ఫిల్మ్ బిల్లు, కంపెనీ ఇచ్చిన పరీక్ష కాగితం, మీ డాక్టరు కాగితం ఒక కవరులో పెట్టుకోండి. తేటదా, లేత ఛాయదా అంటే, పూర్తి తేటది యూవీని ఆపుతుంది గానీ కళ్ళకు ఎండ తగ్గినట్టు అనిపించదు. లూపస్ ఉన్న కొందరికి మామూలు వెలుతురు కూడా పడదంటారు, మీరు ఆ కోవలో ఉన్నారేమో డాక్టరునే అడిగి ఈ రెండింట్లో ఏదో తేల్చుకోండి. ఏది వేసినా పొడుగు చేతులు మాత్రం మానకండి.

మీ స్థానంలో నేనుంటే మూడో దారే పడతాను. కానీ చలానా అన్న మాటకే గుండె దడ పుట్టేంతగా ఆ సెంటర్ సంఘటన మిమ్మల్ని కలచివేసి ఉంటే, రెండోది మీ మనసుకు ఎక్కువ శాంతినిస్తుంది. అది మీకే తెలుస్తుంది.

మీవారితో మాట్లాడే విషయం. "తీసేద్దాం" అన్న మాట ఆయనకు "నువ్వు చేసింది తప్పు" అని వినిపించింది. పది రోజులు మంచం పక్కన కూర్చున్న మనిషి ఆయన, ఆ భయం ఇంకా పోలేదు. మాటలతో వాదించకండి. ఒక రాత్రి భోజనాలయ్యాక ఆయన్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఊరి బయట వీధి దీపాలు పలచబడే చోటికి తీసుకెళ్ళండి. రోడ్డు పక్కన ఆపిన ట్రాక్టరో, చెట్టు కింద నిలబడ్డ మనిషో కుడివైపు ఉండేలా ఆపించి, అద్దం సగం దించమనండి. పైసగంలోంచి మనిషి తల, భుజాలు కనిపిస్తాయి. కిందిసగంలో ఆయనకు తన చేతి గడియారమే ప్రతిఫలిస్తుంది. ఒకే అద్దం, ఒకే చీకటి. మీరేమీ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత "నాకు ఎండ పడకూడదు, అది నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు, అదే పని చేసే తేట ఫిల్మ్ ఉందట, వచ్చి నువ్వే చూసి కొను" అనండి. కొనే పని ఆయన చేతిలోనే ఉంచండి. మరిదికి కూడా ఇదే మాట. వీలైతే తీయించడం ఆ స్నేహితుడి షాపులోనే తీయించండి. కానుక విసిరికొట్టినట్టు ఉండదు, ఇంకొంచెం మంచిదానికి మార్చుకున్నట్టు ఉంటుంది. అదే షాపులో కొత్తది వేయించాలా వద్దా అన్నది మాత్రం మొహమాటంతో తేల్చకండి, కింద చెప్పేవి ఉన్నాయో లేదో చూసి తేల్చండి.

తీసేటప్పుడు ఆవిరితో గానీ హీట్ గన్‌తో గానీ వేడి చేసి నిదానంగా లాగాలి. 2012 మే నెలలో నా కారుకున్న ఫిల్మ్ నేనూ పీకించాను. అప్పుడు అన్ని షాపుల ముందూ బారులు, కుర్రాడు తొందరలో వెనక అద్దం మీద జిగురును బ్లేడుతో గీకాడు. దానితో మంచు పోగొట్టే ఆ సన్నటి అడ్డగీతలు మూడు తెగిపోయాయి, మళ్ళీ అతకలేదు. వెనక అద్దం మీద బ్లేడు పెట్టవద్దని ముందే చెప్పి, ఆ అద్దం చేసేటప్పుడు పక్కనే ఉండండి.

కొత్త ఫిల్మ్ కొనేటప్పుడు మూడు అంకెలు అడగండి: వెలుతురు ఎంత రానిస్తుంది, యూవీ ఎంత ఆపుతుంది, మొత్తం సౌరశక్తి ఎంత ఆపుతుంది. ఈ చివరిదాన్ని టీఎస్ఈఆర్ అంటారు. షాపులో ఎర్ర బల్బు వెలిగించి, ఫిల్మ్ వెనక చెయ్యి పెట్టమని, చూశారా చల్లగా ఉంది అంటారు. ఆ బల్బు ఇచ్చేది ఎక్కువగా ఇన్‌ఫ్రారెడ్, ఎండలో అది సగమే. అందుకే బల్బు పరీక్షలో గెలిచినది నడిరోడ్డు మీద అంతగా గెలవకపోవచ్చు. చవక నల్ల ఫిల్మ్ వేడిని ఆపేది తను మింగి. తనూ కాగుతుంది, అద్దాన్నీ కాగబెడుతుంది. ఒక మధ్యాహ్నం మీ కారు అద్దానికి లోపలి నుంచి అరచెయ్యి ఆనించి చూడండి, అర్థమవుతుంది. లోహపు పూత ఉన్న రకం కూడా వద్దు, ఫోన్ సిగ్నలుకు అడ్డు రావచ్చు. మీరు ఎంచుకున్న రకం ముక్కను మీ తలుపు అద్దానికి ఆనించి, వెలుతురు కొలిచే మీటరు పెట్టి, అంకె మీ కళ్ళతో చూశాకే అంటించమనండి. మీటరు లేదన్న షాపు నుంచి వచ్చేయండి. పెట్టె, రోలు మీది నంబరు, వారంటీ కార్డు మీద మీ కారు నంబరు, ఇవన్నీ ఉండాలి.

అంటించే చోటు మూసిన గది అయి ఉండాలి. మన వైపు సున్నపు బట్టీల దుమ్ము, రాతి దుమ్ము గాలిలో ఎప్పుడూ ఉంటాయి. వేపచెట్టు కింద ఆరుబయట అంటిస్తే సబ్బు నీళ్ళు చల్లిన తడి అద్దం మీద ఒక్కో రేణువూ వాలి ఫిల్మ్ కింద చిక్కుకుంటుంది. పని అయ్యాక మసకగా, చిన్న నీటి బుడగల్లా కనిపిస్తే కంగారు పడకండి, ఎండకు కొన్ని రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో ఆరిపోతాయి. గరుకుగా గుచ్చుకునే చుక్కలుంటే అవి దుమ్ము, అవి ఆరవు. డబ్బు ఇచ్చే ముందే అద్దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, ఉంటే మళ్ళీ వేయమనండి. తుడవడానికి అమ్మోనియా ఉన్న స్ప్రే వద్దు. మెత్తటి గుడ్డ, మంచినీళ్ళు చాలు.

పని శుక్రవారం సాయంత్రం పెట్టుకోండి. వేసిన తర్వాత నాలుగైదు రోజులు ఆ అద్దాలు దించకూడదు, రబ్బరు అంచుకు తగిలి తడి ఫిల్మ్ కింది నుంచి లేచిపోతుంది. శని, ఆదివారాలు కారు ఇంటి దగ్గరే ఉంటుంది. సోమవారం ఎవరైనా పలకరించి అద్దం దించమని సైగ చేస్తే తలుపు తీసే మాట్లాడండి. కుడి, ఎడమ స్విచ్‌ల మీద చిన్న కాగితం ముక్కలు అంటించి "గురువారం దాకా నొక్కొద్దు" అని రాసి పెట్టండి. మీరు గుర్తుంచుకుంటారు గానీ, మీవారికి కారు ఎక్కగానే అద్దం దించే అలవాటు ఉండే ఉంటుంది.